మద్దెల ఓడు

మీటరు ముల్లు నిలబడటానికి ఎప్పుడూ కొంచెం సేపు పడుతుంది. ఫ్యాను పుంజుకోవాలి, ఇనప పెట్టెలో గాలి నిండాలి, ఒత్తిడి చెప్పినంత ఎత్తుకి ఎక్కి అక్కడ కుదురుకోవాలి. అప్పటిదాకా పొగక్క రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడ వైపు చూస్తూ నిలబడుతుంది. తొందరపెడితే మనుషులే కాదు, గాలి కూడా అబద్ధం చెప్తుందని ఆమె నమ్మకం.

ఆ సోమవారం పొద్దున పెట్టె మూతికి బిగించి ఉన్నది మనిషెత్తు డ్యాంపరు. ఫ్యాక్టరీల్లో ఘాటునీ దుమ్మునీ మోసుకుపోయే పెద్ద పెద్ద గాలి గొట్టాల మధ్య దాన్ని తలుపులా అమరుస్తారు. ఆరు ఉక్కు రెక్కలు, వాటి అంచుల వెంట నల్లటి రబ్బరు పట్టీలు. తెరిస్తే గాలి పోవాలి, మూస్తే పోకూడదు. ఆ రెండో మాట కోసమే షెడ్డులో నలభై మంది పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒళ్ళు వంచి పని చేస్తారు. ఇప్పుడు నడుస్తున్న ఆర్డరు ఒక రసాయనాల ఫ్యాక్టరీది, పన్నెండు పెద్ద డ్యాంపర్లు. అక్కడ రెండు గొట్టాలు పక్కపక్కన ఉంటాయట. ఒకటి నడుస్తూ ఉంటే రెండోదాన్ని మూసి, మనుషులు లోపలికి పాక్కుంటూ వెళ్ళి పేరుకున్నదంతా గోకి తీస్తారట. రెక్కలకి అవతల విషం, ఇవతల మనిషి.

ముల్లు ఎర్ర గీత దాటి నిలబడింది. ఉండాల్సినదానికంటే ఎక్కువ గాలి బయటికి పోతోందని అర్థం.

పొగక్క అంకె రాసుకుని, బల్ల సొరుగులోంచి ఎర్ర చీటీ తీసింది. సన్నటి గాజు గొట్టంలోంచి తెల్లటి పొగ వదిలి, అది ఎటు వంగితే అక్కడ సందుందని చూపిస్తుంది కాబట్టి ఆమె పొగక్క అయింది. ఈ మధ్య పని ఒత్తిడిలో ఆ గొట్టం తీయడానికి తీరిక ఉండడం లేదు. మీటరు అంకె చాలు. ఆమె ఎర్ర చీటీ కట్టిందంటే మేనేజరు కూడా ఎందుకని అడగడు.

టెస్టు గది గుమ్మం బయట పట్టీల బాబాయి నిలబడి ఉన్నాడు. ఆ పెద్ద డ్యాంపర్ల అంచులకి పట్టీలు వేసేది ఆయనే. చేతులు తుడుచుకునే గుడ్డని మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెడుతున్నాడు.

"ఎంత?" అన్నాడు.

"పైనే ఉంది బాబాయ్. పోయినవారం దానికన్నా ఎక్కువే."

ఆయన లోపలికొచ్చి డ్యాంపరు ముందు నిలబడ్డాడు. జేబులోంచి సన్నటి కాగితం ముక్క తీసి, కింది రెక్క అంచులో దూర్చి, రెండు వేళ్ళతో మెల్లగా లాగాడు. కాగితం పట్టి పట్టి వచ్చింది. నాలుగు చోట్ల అలాగే చూశాడు. ఇంతలో మేనేజరు వచ్చాడు, ఆయన వెనకే షెడ్డులో పక్క భాగంలో పని చేసే పొడుగాయన, ఇంకో నలుగురు. వరసగా మూడో డ్యాంపరు ఫెయిలైందంటే ఊరికే ఉంటారా, వేడుక చూడటానికి చేతిలో పని వదిలేసి వచ్చారు.

"అమ్మాయ్," అన్నాడు బాబాయి, గొంతు తగ్గించి. "ఒకసారి ఆ పెట్టె కూడా చూసుకోకూడదూ? పట్టీ ఎక్కడా జారడం లేదు. కాగితాన్ని బానే పట్టుకుంటోంది."

పొగక్కకి ఎక్కడో చురుక్కుమంది. ఆమె పెట్టె గురించి ఇంతవరకు ఎవరూ ఆ మాట అనలేదు.

"పెట్టె ప్రతి సోమవారం చూస్తూనే ఉన్నాను బాబాయ్, రిజిస్టరులో రాసే ఉంది. ఆడలేక మద్దెల ఓడంటే ఎలా?"

గుమ్మం దగ్గర నవ్వులు లేచాయి. పొడుగాయన నవ్వాడు, మేనేజరు నవ్వాపుకుంటూ మెడ గోక్కున్నాడు. చివరికి బాబాయి కూడా నవ్వాడు. పళ్ళు కనిపించాయి గాని, కాగితం ముక్క పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

మేనేజరు చెడ్డవాడు కాదు. బాబాయి భుజమ్మీద చెయ్యి వేసే చెప్పాడు. "కొన్నాళ్ళు ప్యాకింగులో ఉండండి బాబాయ్. కళ్ళకి కాస్త విశ్రాంతి. శనివారం వాళ్ళ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, అప్పటికి ఇవి తేలాలి. పట్టీల టేబులు ఈయన చూసుకుంటాడు." ఈయనంటే పొడుగాయన.

బాబాయి సరేనన్నాడు. తన టేబులు దగ్గరికెళ్ళి కత్తెరని, చిన్న సుత్తిని, జిగురు బ్రష్షుని తుడిచి, ఎవరికైనా సులువుగా అందేలా వరసగా పెట్టి వెళ్ళాడు.

*

పొగక్క ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని మనవరాలి స్కూలు గౌను అంచు విప్పుతోంది. పిల్ల పొడుగైంది. భర్త బస్సు డిపోలో మెకానిక్కు, ఆ వారం రెండో డ్యూటీ. ఇంట్లో ఆడవాళ్ళు ముగ్గురే.

చేతులు కడుక్కుంటూ జరిగిందంతా చెప్పింది. మద్దెల మాట కూడా చెప్పింది. చెప్పేటప్పుడు అందులో పొద్దుటి చమత్కారం ఎంత వెతికినా కనపడలేదు.

"ఆయన తప్పేంటో ఆయనకి చెప్పారా?" అంది అత్తగారు, దారం కొరుకుతూ.

"చెప్పాం కదా అత్తయ్యా, లీకవుతోందని."

"లీకవుతోందని సరే. ఎక్కడ? అన్నంలో రాయుందని ఎవరైనా అంటారు. ఆ రాయేదో తీసి చూపించాలిగా వండినవాళ్ళకి. లేకపోతే రేపు ఏం చూసుకుని వండుతారు?"

ఆ మాట పొగక్క మనసులో నాటుకుంది. నిజమే, ఏ రెక్క, ఏ మూల అని చూపిస్తే ఆయన సరిదిద్దుకుంటాడు. మళ్ళీ టేబులు దగ్గరికి రావచ్చు. తను ఆయనకి చేయగల సాయం అదే. ఆ ఆలోచనతో కాస్త తేలికపడింది కూడా.

మంగళవారం పొద్దున అందరికంటే ముందే వెళ్ళింది. నిన్నటి డ్యాంపరు పెట్టెకే ఉంది. ఫ్యాను వేసి, ఒత్తిడి ఎక్కనిచ్చి, పొగ గొట్టం తీసింది. కింది రెక్కతో మొదలుపెట్టి ఎడమ నుంచి కుడికి అంచు వెంట జానెడు జానెడు జరుపుతూ పోయింది. సందున్న చోట లోపలి గాలి పొగని బయటికి తన్నాలి. పొగ సన్నటి దారంలా నిటారుగా పైకి లేచింది, ఎక్కడా తొణకలేదు. రెండో రెక్క, మూడో రెక్క కూడా అంతే. పక్క అంచుల్లో, ఇరుసుల దగ్గర, మూలల్లో కూడా పెట్టి చూసింది. ఆరో రెక్క పైఅంచు చూడటానికి స్టూలెక్కింది. అక్కడ కూడా పొగ బుద్ధిగా పైకే పోయింది.

ఇంత లీకు మీటరు చూపిస్తుంటే పొగకి కనపడకపోవడమేంటి? స్టూలు దిగి, గొట్టం చేతిలోనే ఉండగా మీటరు వైపు నడిచింది. నడుస్తుంటే పొగ ఒక్కసారి మొహమ్మీదికి విసిరినట్టు వచ్చింది.

ఆగింది. వెనక్కి రెండడుగులు వేసింది. మళ్ళీ అంతే.

పెట్టె మూతి చిన్నది. పెద్ద డ్యాంపర్లు దానికి అమరవు కాబట్టి మధ్యలో ఒక పెద్ద చట్రం బిగిస్తారు. ఆ చట్రం కింది మూలలో, క్లాంపు చాటున, వెల్డింగు వెంట్రుకవాసి విడిపోయి ఉంది. క్లాంపు తీసి టార్చి వేస్తే కనపడింది. బెత్తెడు పొడవు. అక్కడ చెయ్యి పెడితే గాలి చల్లగా, సూదిలా తగిలింది.

పొగక్క ఫ్యాను ఆపింది. రిజిస్టరు తీసింది.

ప్రతి సోమవారం పెట్టెకి మూత పలక బిగించి, పెట్టె తనంతట తను ఎంత గాలి వదులుతుందో చూసి రాయాలి. రెండు వరసలు ఉంటాయి. ఒకటి ఉత్త పెట్టెకి, రెండోది పెద్ద చట్రంతో కలిపి. మొదటిది ఆమె ఏ సోమవారమూ తప్పలేదు. రెండోదానికి పెద్ద పలక కావాలి. దాన్ని ఎత్తడానికి ఇద్దరు మనుషులు, చైన్ పుల్లీ కావాలి. పుల్లీ ఎప్పుడు చూసినా లారీలకి ఎక్కించే దగ్గరే ఉంటుంది. ఒక సోమవారం మధ్యాహ్నం చూద్దాంలే అని ముందే 'సరి' అని రాసింది. మధ్యాహ్నం ఇంకేదో పని పడింది. పై సోమవారం చెయ్యి దానంతటదే రాసింది. వేలు పెట్టి పైనుంచి కిందికి లెక్కపెట్టింది. పదమూడు వారాలు. పదమూడు 'సరి'లు, ఒకే సిరాతో, ఒకే ఒంపుతో, చూడ ముచ్చటగా ఉన్నాయి.

టీ బెల్లు కొట్టేలోపు వెల్డరుని పిలుచుకొచ్చింది.

"అన్నయ్యా, ఇక్కడ కాస్త అతుకు వెయ్యవా."

వెల్డరు వంగి చూశాడు. "ఎప్పట్నుంచి ఉందిది?"

"ఇవాళే చూశాను."

అది అబద్ధం కాదు. వెల్డరు అతుకు వేసి, రుద్ది, పెద్ద పలక ఎత్తడానికి ఒక చెయ్యి కూడా వేసి వెళ్ళాడు. ఈసారి పలకతో చూసింది. ముల్లు అడుగునే పడుకుంది. ఇక బాబాయి డ్యాంపర్లు మూడూ ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించి చూస్తే మూడూ గీతకి చాలా కిందే ఉన్నాయి. ఇంత బిగువైన పని ఈ ఏడాదిలో చూడలేదు. ఎర్ర చీటీలు తెంపి పచ్చ చీటీలు కట్టింది. పాతవే పాసయ్యాయని చెప్తే బాబాయి టేబులు బాబాయికి వస్తుంది, చట్రం సంగతి చట్రంలోనే ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు అనుకుంది.

మేనేజరు పచ్చ చీటీలు చూసి మొహం విప్పార్చాడు. "మూడూనా?"

"మూడూ సార్. అవి..."

"పొద్దున్నే స్క్రూలు బిగించానండి," అన్నాడు పొడుగాయన వెనకనుంచి. "రెండింటికి కాస్త వదులుగా ఉంటే."

మేనేజరు చెయ్యి అప్పటికే పొడుగాయన భుజమ్మీద పడింది. "చూశారా, చెయ్యి మారితే ఎంత తేడానో."

పొగక్క నోరు తెరిచింది. తెరిచిన నోటితో, "అవును సార్," అంది.

*

బుధవారం మధ్యాహ్నం చేతులు కడిగే కుళాయి దగ్గర బాబాయి కనిపించాడు. ప్యాకింగులో ఇనప పట్టీలు బిగించి బిగించి అరచేతులు ఎర్రగా కందిపోయాయి. ఆమెని చూసి ఆయనే పలకరించాడు.

"పాసయ్యాయటగా. మంచిదమ్మా. శనివారం గండం గడిచినట్టే."

"ఊఁ."

"ఆయన ఏం మార్చాడో నీకేమైనా తెలుసా?" కుళాయి కట్టేసి ఆగాడు. "అడిగితే స్క్రూలంటాడు. స్క్రూలకి అంత తేడా రాదు. నేనేదో పెద్ద తప్పే చేస్తున్నట్టున్నా, అదేంటో తెలియడం లేదు. తెలిస్తే బావుండేది."

పొగక్క సబ్బు మరీ ఎక్కువసేపు రుద్దుకుంది.

"కాగితం పట్టిందనే అనిపించింది నాకు," అన్నాడు బాబాయి, తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "అంటే వేళ్ళకి తెలియడం మానేసింది. అరవై దగ్గర పడుతోంది కదా. నెలాఖరుకి మానేస్తానని మేనేజరుకి కాగితం ఇచ్చేశాలే. వాళ్ళు పొమ్మనక ముందే మనం లేస్తే మర్యాద."

ఆయన చేతులు విదుల్చుకుని వెళ్ళిపోయాడు. వెనకనుంచి ఎవరో, "పొగక్కా, చీటీలు అయిపోయాయా?" అని పిలిస్తే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె ఉలిక్కిపడింది. పచ్చ చీటీల గురించే అడిగారు.

ఇంట్లో అత్తగారు పళ్ళేలు పెడుతూ మామూలుగానే అడిగింది. "ఆ రాయి దొరికిందా?"

"దొరికింది."

"ఎవరి ఎసట్లో?"

"నా ఎసట్లోనే."

అత్తగారు కూర్చుంది. పొగక్క అంతా చెప్పింది, పదమూడు సోమవారాలతో సహా. పిల్ల పక్కగదిలో పాఠం బిగ్గరగా చదువుతోంది. చదువు ఆగినప్పుడల్లా పొగక్క కూడా ఆగింది.

"చెప్పావా వాళ్ళకి?"

"చెప్తే టెస్టు కాగితాల మీద నా సంతకం తీసేస్తారు అత్తయ్యా. ఎన్నేళ్ళ నుంచో ఆ గదిలో నా మాటంటే మాట. ఇప్పుడు అన్నీ పాసవుతున్నాయి. ఇక ముందు ఏ తప్పూ రాదు."

"ముందుకి రాదులే. అయినదాని సంగతేంటి? నీకు పోతే సంతకం పోతుంది. ఆయనకి చేతులే పోయాయనుకుంటున్నాడు పాపం." అత్తగారు మరి ఆ మాట ఎత్తలేదు. పళ్ళెంలో వడ్డించి ముందుకు జరిపింది. "తిను. ఆకలితో ఉన్నవాళ్ళకి ధైర్యం నిలవదు."

*

గురువారం పొద్దున మేనేజరు గదిలో రిజిస్టరు తెరిచి బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పింది. మేనేజరు ఒక్కో 'సరి' మీద పెన్సిలు ఆనిస్తూ కిందిదాకా వచ్చాడు. ఆయన మొదట అడిగిన ప్రశ్న ఆమె ఊహించిందే.

"ఈ మూడు నెలల్లో బయటికెళ్ళిన పెద్ద డ్యాంపర్లో?"

"వాటికేం కాదు సార్. పెట్టె ఉన్నదానికంటే ఎక్కువే చూపించింది. దానిమీద కూడా పాసయ్యాయంటే అవి ఇంకా మంచివి. రాత్రంతా లెక్క చూసుకున్నాను. దెబ్బ ఒక్క మనిషికే తగిలింది."

మేనేజరు ఊపిరి వదిలాడు. వెనక్కి వాలాడు. "అయితే సరే. ఎల్లుండి ఇన్‌స్పెక్షను. ఇప్పుడీ మాట బయటికి వస్తే రికార్డులన్నీ తిరగేస్తారు. బాబాయి ఇచ్చిన కాగితం నేను చించేస్తాను. వచ్చే నెలలో మెల్లగా టేబులు దగ్గరికి తెద్దాం. నువ్వు చెప్పావు, నేను విన్నాను. ఇక్కడితో సరి."

ఆయన ఇస్తున్నది మంచి దారే. ఆమెకి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. కాళ్ళు తలుపు వైపు తిరగబోయాయి కూడా.

"అందరి ముందు నవ్వించాను సార్," అంది. "నలుగురిలో నవ్వించి, నాలుగ్గోడల మధ్య దిద్దుకుంటే ఆయనకి అందదు."

టీ బెల్లు కొట్టాక షెడ్డు మధ్యలో అందరూ గ్లాసులు పట్టుకుని ఉండగా చెప్పింది. పెద్ద మాటలేం రాలేదు. చట్రం పగిలి ఉందని, మూడు నెలలుగా తను పలక బిగించి చూడలేదని, చూశానని రాసిందని, బాబాయి పట్టీల్లో ఏ లోపమూ లేదని చెప్పింది. "సోమవారం పెట్టె చూడమన్నారు బాబాయ్ మీరు. నేను వెటకారం చేశాను. మద్దెల నిజంగానే ఓడు. అది నాకు తెలిసి ఉండాలి."

ఎవరూ నవ్వలేదు. వెల్డరు గ్లాసు కింద పెట్టి, "మొన్న నేను అతుకేసింది అదేనా," అన్నాడు. పొడుగాయన చెవులు ఎర్రబడ్డాయి. "నేను తిప్పింది రెండంటే రెండు స్క్రూలు," అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

బాబాయి ప్యాకింగు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. "మూడు నెలలా?" అన్నాడు.

"మూడు నెలలు బాబాయ్."

తల ఊపాడు. మిగిలిన టీ తాగాడు. లేచి, సగంలో వదిలేసిన పెట్టెకి ఇనప పట్టీ బిగించడం పూర్తి చేశాడు. మేనేజరు వెళ్ళి పిలిచినా, అది పూర్తయ్యాకే తన టేబులు దగ్గరికి వచ్చాడు.

మేనేజరుకి కోపం ఆ తర్వాత వచ్చింది, తన మాట కాదన్నందుకే ఎక్కువ వచ్చింది. టెస్టు గది తాళం తీసుకున్నాడు. ఇక మీద ప్రతి టెస్టూ ఇద్దరు చూసి ఇద్దరూ సంతకం పెట్టాలి, అందులో పొగక్క సంతకం మళ్ళీ చెప్పేదాకా ఉండదు. "పట్టీల టేబులు దగ్గర మనిషి తక్కువైంది," అన్నాడు మొహం చూడకుండా. "అక్కడికి వెళ్ళు."

*

శుక్రవారమంతా ఆమె బాబాయి పక్కన నిలబడి పని చేసింది. ఆయన అవసరానికి మించి ఒక్క మాటైనా మాట్లాడలేదు. కోపంగా కాదు, అలాగని మామూలుగానూ లేదు. రెక్క అంచు ఎలా తుడవాలో చూపించాడు. గుడ్డ ఒక్కవైపే పోవాలి, వెనక్కి రాకూడదు. జిగురు ఎంత పలచగా పట్టించాలో చూపించాడు. ఇన్నేళ్ళు ఈ పట్టీల మీద తీర్పు చెప్పింది గాని, ఒక్కదాన్నీ చేత్తో వేసి చూడలేదు. మొదటి పట్టీ మూల దగ్గర ముడత పడింది. రెండోది బాగానే వచ్చిందనుకుంది.

"లాగావు," అన్నాడు బాబాయి.

"బిగువుగా ఉంటుందని..."

"లాగితే ఇవాళ బావుంటుంది. నెల తిరిగేసరికి అదే ముడుచుకుని మూలలు వదిలేస్తుంది. పట్టీని లాగకూడదు. పరవాలి."

పీకి మళ్ళీ వేసింది. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు ఆయన ఆ కొసన, ఆమె ఈ కొసన కూర్చున్నారు. క్షమించమని అడగాలని నాలుగుసార్లు అనుకుంది. ఆ మాట మరీ చిన్నదిగా తోచి ఊరుకుంది.

ఆయనే అన్నాడు, డబ్బాలోకి చూస్తూ. "అన్నం కలుపుకుంటూ కూడా వేళ్ళు చూసుకునేవాణ్ణి. మొద్దుబారాయేమో అని. మనవడి చొక్కా గుండీ పెట్టి చూసుకున్నా ఒకరోజు. గుండీ పడింది. అయినా నమ్మకం రాలేదు. నీ మీటరు కాదంటోంది కదా మరి."

పొగక్క కలిపిన ముద్దని డబ్బాలోనే వదిలేసింది. ఆయన డబ్బా మూత పెట్టి, "నీళ్ళు తాగు," అన్నాడు.

శనివారం పదింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫైలు. ఆయనతో పాటు ఇంకొకతను వచ్చాడు. పొట్టి మనిషి, భుజాలు ముందుకు వంగి ఉన్నాయి, మోచేతుల మీద చర్మం కాయలు కాచింది. ఆ ఫ్యాక్టరీలో గొట్టాల్లోకి దిగేవాళ్ళకి మేస్త్రీ అట. దిగేవాళ్ళు తమలో ఒకర్ని పంపి చూడనివ్వాలని పట్టుబట్టారట.

టెస్టు గదిలో మేనేజరూ పొడుగాయనా కలిసి నడిపారు. పొగక్క టేబులు దగ్గరే ఉండిపోయింది. తెరిచి ఉన్న గుమ్మంలోంచి అక్కడివాళ్ళు కనిపిస్తున్నారు, మాటలూ వినిపిస్తున్నాయి. ఇన్‌స్పెక్టరు అంకె చూసి, గీత చూసి, ఫైల్లో రాసుకున్నాడు. మేస్త్రీకి మీటరుతో పనిలేదు. మూసి ఉన్న రెక్కల ముందు వంగి, చెంప దగ్గరగా పెట్టి కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"మూస్తే గాలి రాదుగా సార్?"

"అసలు రాదు," అన్నాడు మేనేజరు.

"చుక్క రాదు," అన్నాడు పొడుగాయన.

మేస్త్రీ అలాగేనన్నట్టు తలాడించాడు. అయినా కుదురుగా ఉండలేక షెడ్డంతా చూస్తూ పట్టీల టేబులు దాకా వచ్చాడు. బాబాయి చేతిలో పట్టీ చూసి ఆగాడు. మనుషుల్ని చూసి కాదు, పని చేసే చేతుల్ని చూసి ఆగే రకంలా ఉన్నాడు.

"ఇవి వేసేది మీరేనా పెద్దాయనా?"

"నేనే."

"మా వాళ్ళు ఎనిమిది మంది దిగుతారు. అందుకని అడుగుతున్నా. నిజంగా అసలు రాదా?"

బాబాయి పట్టీ కింద పెట్టాడు. మేనేజరు వైపు చూడలేదు, పొగక్క వైపూ చూడలేదు. గడ్డంతో ఆమెని చూపించాడు.

"నేను వేస్తాను అంతే. ఎంత వస్తుందన్న లెక్క ఆవిడది. ఆవిణ్ణడుగు. తన తప్పు తనే నలుగురిలో చెప్పుకున్న మనిషి, నీ దగ్గర దాచదు."

పొగక్క చేతులకి జిగురు అంటుకుని ఉంది. టెస్టు గదిలోంచి ఇన్‌స్పెక్టరూ మేనేజరూ బయటికి వస్తున్నారు. మేనేజరు ఈ వైపే చూస్తున్నాడు. సంతకం లేని మనిషి నోరు మూసుకుంటే ఎవరూ తప్పు పట్టరు.

"వస్తుంది," అంది. "అసలు రాకుండా చేసిన డ్యాంపరు ఇక్కడ లేదు. ఇవి చాలా మంచివి, మామూలువాటిలో వందో వంతు కూడా వదలవు. అయినా కొంచెం వదులుతాయి. బయటుంటే తెలియదు. లోపల నాలుగు గంటలుంటే ఆ నాలుగు గంటలూ వస్తూనే ఉంటుంది."

మేస్త్రీ కళ్ళు ఆర్పకుండా విన్నాడు. "మాకు మాస్కులక్కర్లేదన్నారు. డ్యాంపరు మూసేస్తాం కదా అని."

"వేసుకునే దిగండి."

"ఈ ముక్క ఇన్నాళ్ళకి ఒకరు చెప్పారు," అన్నాడు మేస్త్రీ. అతని గొంతులో సంతోషం లేదు, కోపం లేదు. దారిలో గుంత ఉందని ముందే తెలిసినవాడి స్థిమితం ఉంది. వెనక్కి తిరిగి పిలిచాడు. "సార్, ఒకసారి ఇలా వస్తారా? ఈవిడ చెప్పేది మీరు కూడా వినండి."

ఇన్‌స్పెక్టరు ఫైలు తెరుచుకుంటూ వచ్చాడు. మేనేజరు రెండడుగులు వెనకే ఆగిపోయాడు. బాబాయి మాత్రం ఎక్కడికీ కదలకుండా, ఆమె పక్కనే, పట్టీ పరిచే పనిలో ఉన్నాడు.

పొగక్క చేతులు గుడ్డకి తుడుచుకుని మొదట్నుంచి మళ్ళీ చెప్పింది, ఈసారి రాసుకునే మనిషికి అందేలా ఒక్కో మాటా ఆపి ఆపి.